లండను నగరమున రాకపోకలు

కూతురి పురిటికనియు, కోడలి పురిటికనియు, మనుమని చూచుటకనియు ఇంగ్లండు వెళ్లివచ్చు తల్లులు ఇప్పుడు మన ఊళ్లలో వీధికొకరైనను ఉందురు. అచ్చట ఏమేమి చూచితిరని అడిగినచో వారిలో పెక్కుమంది చెప్పునది ఒక్కటే. విమానాశ్రయమును చూచిరి, వంటయింటిని చూచిరి, ఒక ఆదివారమున అల్లుడు కారులో తీసికొనిపోగా ఒక గుడిని, ఒక అంగడిని చూచిరి, మరల విమానాశ్రయమును చూచిరి. ఆ మహానగరమున నాలుగు నెలలుండి, కిటికీ అద్దము వెనుకనుండి ఎదురింటి గోడను చూచుచు దినములు లెక్కపెట్టి వచ్చినవారు మా ఎరుకలోనే ఐదారుగురు కలరు. కారణమేమని విచారించినచో చలి యందురు, భాష రాదందురు. అవి కారణములే కాని అసలు మాట వేరు. "పిల్లలకు తీరిక లేదు, మమ్మెవరు తీసికొనిపోవుదురు?" అనునదియే ఆ మాట. ఈ తీసికొనిపోబడుటను గూర్చియే ఈ నెల నాలుగు సంగతులు వ్రాయదలచితిమి.

2025 వేసవి సెలవులలో మేము మా అత్తగారితోగూడ లండను వెళ్లితిమి. మా ఆడపడుచు అచ్చట ఈస్ట్ హామ్ అను పేటలో కాపురమున్నది. ఆమెకు నెలలు నిండుచుండెను. బడిపంతులుగారి జీతమున విమానపు టిక్కెట్లెట్లు కొంటిరని సోదరీమణులు శంకింపవలదు, ఆడపడుచే పంపినది. బడులు తెరచునాటికి మేము తిరిగి రావలెను. అత్తగారు మాత్రము దసరా వెళ్లువరకు ఉండవలెను. ఇంట కూతురు బాలింతరాలు, అల్లునికి రాత్రి ఉద్యోగము. ఇక అత్తగారి చేయి పట్టుకొని వీధి దాటించువారెవ్వరు? అందుచేత మేమున్న ఐదు వారములలో ఆమెకు ఆ నగరపు రాకపోకలు నేర్పవలెనని పూనుకొంటిమి. ఆమెకు అరువదియెనిమిదేండ్లు. ఆంగ్లము రాదు. అయినను అంకెలు వచ్చును; మన గోడమీది తెలుగు కాలెండరులోని అంకెలును ఆంగ్లేయుల అంకెలే కదా! ఆ పది అంకెలతో లండనులో ఎంతదూరము పోవచ్చునో మాకప్పుడు తెలిసినది.

ముందుగా ఊరు చేరుట. హైదరాబాదునుండి నేరుగా పోవు విమానములు నగరమునకు పడమటి కొసనున్న హీత్రోలో దిగును. అచ్చటినుండి లోనికి వచ్చుటకు మూడు విధములైన రైళ్లు కలవు. 1998లో ఏర్పడిన హీత్రో ఎక్స్‌ప్రెస్ పదునైదు నిమిషములలో పాడింగ్టన్ చేర్చును గాని, దాని వెల వినినచో ప్రయాణపు బడలిక రెట్టింపగును. 2022లో ప్రారంభమైన ఎలిజబెత్ లైను బండ్లు విశాలమైనవి, చల్లనివి. పెట్టెలు గలవారికి మిక్కిలి అనుకూలము. ఈస్ట్ హామ్ పోవలసినవారు దానిలో వైట్‌చాపెల్ వరకు పోయి, అచ్చట డిస్ట్రిక్ట్ లైను ఎక్కవలెను. మూడవది 1977నుండి విమానాశ్రయమునకు వచ్చుచున్న పికడిల్లీ లైను. బండ్లు పాతవి, ఇరుకైనవి, నిదానముగా పోవును. కాని హామర్‌స్మిత్‌లో దిగి అదే ప్లాట్‌ఫారమున రెండవ ప్రక్కకు నాలుగడుగులు వేసినచో డిస్ట్రిక్ట్ లైను బండి వచ్చి నిలుచును. పెట్టెలతో మెట్లెక్కి దిగు బాధ ఆ మార్పులో లేదు. ఎలిజబెత్ లైనుకు దీనికంటె రెట్టింపునకు మించిన సొమ్ము కావలెను. పంతులుగారి కుటుంబము ఏ రైలెక్కినదో చదువరులే ఊహింపగలరు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది చీటి. లండను బస్సులలో 2014 జూలైనుండి రొక్కము పుచ్చుకొనరు. డ్రైవరు చేతిలో నాణెము పెట్టబోయినచో అతడు తల త్రిప్పును. 2003లో వచ్చిన ఆయిస్టర్ అను కార్డు కలదు. అందు సొమ్ము ముందుగా వేసికొని, ఎక్కునప్పుడు పసుపుపచ్చని గుండ్రని పలకకు ఆనించవలెను. బ్యాంకు కార్డును ఆనించినను చెల్లును. మన దేశపు బ్యాంకు కార్డులు కొన్ని పనిచేయును గాని, బ్యాంకువారు విదేశపు రుసుమని కొంత వేరుగా కోయుదురు. బస్సులో ఎక్కునప్పుడు మాత్రము ఆనించిన చాలును, దిగునప్పుడు అక్కరలేదు. రైలులో లోనికి పోవునప్పుడును, వెలుపలికి వచ్చునప్పుడును రెండుమార్లు ఆనించవలెను; మరచినచో హెచ్చు మొత్తము కోసికొందురు. 2025లో బస్సునకు ఎంతదూరమైనను 1 పౌండు 75 పెన్నీలు. మొదటిమారు ఆనించిన గంటలోపల ఎన్ని బస్సులు మారి ఎక్కినను మరల సొమ్ము లేదు. రైళ్లలో నగరమును వలయములుగా విభజించిరి. నడిబొడ్డు ఒకటవ వలయము, హీత్రో ఆరవది. వలయములు దాటినకొలది వెల పెరుగును. పనిదినములలో ఉదయము 6.30 మొదలు 9.30 వరకును, సాయంకాలము 4 మొదలు 7 వరకును వెల హెచ్చు. మనవంటివారు వంట ముగించికొని పదిగంటలకు బయలుదేరుదురు కావున ఆ బెడద లేదు. ఒక దినమున ఎన్నిమార్లు తిరిగినను ఒక హద్దునకు మించి కోయరు. పదునొకండేండ్లు నిండని పిల్లలకు బస్సులో వెల లేదు. పెద్దలతోగూడ పోవునప్పుడు భూగర్భరైలులోను లేదు.

ఇందొక నియమము కలదు. ఒక కార్డుపై ఒక సమయమున ఒక్కరే ప్రయాణము చేయవలెను. భార్య కార్డును భర్తయు, తల్లి కార్డును కొడుకును తమ జేబులో నుంచుకొని ఇద్దరికి కలిపి ఆనించుట చెల్లదు. ఇది కేవలము లెక్కకొరకు పెట్టిన నియమమే. అయినను దీనివలన మా అత్తగారికి, బహుశః జన్మములో మొదటిసారిగా, తన ప్రయాణపు సొమ్ము తన చేతిలోనికి వచ్చినది. మొదటి దినమున అల్లుడు, "మీకెందుకండీ అత్తయ్యగారూ, నాదగ్గర ఉంచుతాను, పోగొట్టుకుంటారు" అనెను. ఆమె మారుమాటాడక చేయి చాచి ఆ కార్డును తీసికొని, రొంటిన దోపుకొనిరి. మేమచ్చటనే ఉంటిమి. అది చూచిననాడే ఆమె నేర్చుకొందురని మాకు ధైర్యము కలిగినది. కావున ఇంగ్లండులో కాపురమున్న బిడ్డలు ఈ పుటలు చదువుచున్నచో ఒక్కటి మనవి: తల్లి దిగిననాడు ఉన్నికోటు కొనుటకు ముందు కార్డు కొనుడు; కొని ఆమె చేతికిండు.

పటము సంగతి చెప్పెదము. భూగర్భరైలునకు 11 దారులు, 272 స్టేషన్లు. నేలక్రింది రైలను పేరే కాని దానిలో సగమునకు మించిన భాగము నేలపైననే పోవును. ఇన్ని దారులను ఎట్లు గుర్తించుట? 1931లో హారీ బెక్ అను ఒక చిన్న ఉద్యోగి, విద్యుత్తు తంతుల పటములు గీయు అలవాటు గలవాడు, దూరములను లెక్కసేయక, గీతలను నిలువుగను, అడ్డముగను, ఏటవాలుగను మాత్రమే గీసి, స్టేషన్లను ఇంచుమించు సమానమైన ఎడముతో ఉంచి ఒక పటము వ్రాసెను. నేలపై వస్తువులలో థేమ్సు నదిని మాత్రము అందుంచెను. మొదట ఇది పనికిరాదనిరి, 1933లో అచ్చువేసిరి, జనము ఎగబడి తీసికొనిరి. ఇప్పటి పటమును అదే పద్ధతిలోనిది. దానిని ఎదుట పరచగా మా అత్తగారు క్షణకాలము చూచి, "ఇది చుక్కల ముగ్గే కదే!" అనిరి. అంతకంటె చక్కగా మేము వివరింపజాలము. చుక్క స్టేషను, గీత దారి, గీతలు కలిసినచోట బండి మారవచ్చును. ధనుర్మాసమున ముప్పది చుక్కల ముగ్గును చూడకుండ వేయగలవారికి ఈ పటమొక లెక్కయా? ఒక్కొక్క దారికి ఒక్కొక్క రంగు. డిస్ట్రిక్టు ఆకుపచ్చ, సెంట్రల్ ఎరుపు, పికడిల్లీ ముదురునీలము, సర్కిల్ పసుపు, నార్తరన్ నలుపు. పేరు చదువలేకున్నను రంగు పట్టుకొని చుక్కలు లెక్కించికొని పోవచ్చును.

లోనికి దిగుటయే మొదట కొంత భయము. సెంట్రల్ లైనువంటివి చాల లోతున ఉన్నవి. భారతమున ఉదంకుడు కుండలములకై నాగలోకమునకు దిగినట్లు, కదలెడు మెట్లపై నిలిచి క్రిందికి క్రిందికి పోవుచునే ఉందుము. ఏంజెల్ అను స్టేషనులోని మెట్లవరుస పొడవు 60 మీటర్లు. ఇట్టి మెట్లను మొట్టమొదట 1911లో ఎర్ల్స్ కోర్టు స్టేషనున పెట్టిరి. చీర కట్టువారు జ్ఞాపకముంచుకొనవలసినది: ఎక్కకముందే కుచ్చెళ్లను చీలమండపైకి ఎత్తి పట్టుకొనవలెను, కొంగును నడుమున చుట్టవలెను, రెండవ చేతితో ప్రక్కకడ్డీని పట్టుకొనవలెను. మెట్లపై నిలుచువారు కుడిప్రక్కన నిలువవలెను. ఎడమప్రక్క తొందరగా నడిచిపోవువారిది. ఎడమన నిలిచితిమా, వెనుకనుండి మర్యాదగనే యైనను గట్టిగనే గొంతు సవరించికొందురు. మోకాళ్ల నొప్పులవారు పటమున చక్రముల కుర్చీ బొమ్మగల స్టేషన్లను ఎన్నుకొనవలెను, అచ్చట లిఫ్టుండును. అట్టివి ఇంచుమించు మూడింట ఒక వంతు మాత్రమే ఉండుట ఆ మహానగరమునకు శోభ కాదు. 1863లోనే, ఆవిరియంత్రములతో, పాడింగ్టన్ మొదలు ఫారింగ్డన్ వరకు ప్రపంచమున మొదటి భూగర్భరైలు నడిపినవారికి ముసలివారి మోకాళ్లు ఇంత ఆలస్యముగ జ్ఞాపకము వచ్చుట వింత.

పుష్పకవిమానమున ఎందరెక్కినను మరియొకరికి చోటుండునట. ఉదయము ఎనిమిదిగంటల సెంట్రల్ లైను పుష్పకము కాదు. దానిలో ఉన్నవారికే చోటు చాలదు. గర్భిణులకు తెల్లని గుండ్రని బిళ్ల ఒకటి ఉచితముగా ఇత్తురు. కడుపులో బిడ్డ కలదని దానిపై వ్రాసియుండును. మా ఆడపడుచు దానిని కోటునకు తగిలించికొనుచుండెను. ఎవరును నోరు విప్పరు, కాని చూచినవారు లేచి చోటిత్తురు. ఈ నోరు విప్పకుండుటయే మా అత్తగారికి మింగుడుపడలేదు. ఎదురెదురుగ మోకాళ్లు తగులునట్లు కూర్చుండి అరగంటసేపు ఒకరినొకరు, ఏ ఊరు, ఏమి కూర వండితిరి, అని అడుగుకొనక పోవుట ఆమె కెన్నడును తెలియనిది. ఆకతాయితనము జరిగినచో మాత్రము నోరు మూసికొనరాదు. రైలులో 61016 అను సంఖ్యకు సందేశము పంపినచో రైల్వే పోలీసులకు చేరును, ప్రాణాపాయమునకు 999.

ఈ రైళ్లతోను బస్సులతోను స్త్రీలకుగల సంబంధము తెలిసికొనదగినది. 1915లో, మొదటి మహాయుద్ధమున మగవారు సైన్యమునకు పోగా, మైడావేల్ అను క్రొత్త స్టేషనును పూర్తిగా స్త్రీలే నడపిరి. కిష్కింధాకాండమున వానరులకు బిలములో స్వయంప్రభ కనబడినట్లు, నేలక్రిందికి దిగినవారికి చీటీలిచ్చుచు, తలుపులు తీయుచు స్త్రీలే కనబడిరి. బస్సులలోను ట్రాములలోను వేలకొలది స్త్రీలు కండక్టర్లైరి. 1918 ఆగస్టులో మగవారికి యుద్ధభత్యము వారమునకు 5 షిల్లింగులు హెచ్చించి స్త్రీలకు ఈయరైరి. విల్స్‌డెన్ డిపోలోని స్త్రీలు పని నిలిపివేసిరి, సమ్మె ఇతర పట్టణములకును ప్రాకెను, భత్యము సాధించిరి. యుద్ధము ముగిసి మగవారు తిరిగి రాగానే వారినందరను ఇంటికి పంపివేసిరి! బస్సు చక్రము స్త్రీ చేతికి వచ్చుటకు 1974 పట్టినది. అప్పుడు జిల్ వైనరు లండను బస్సు నడిపిన మొదటి స్త్రీ అయ్యెను. 1978లో హానా డాడ్స్ భూగర్భరైలును నడిపిన మొదటి స్త్రీ అయ్యెను. ఆమె 1969లో పనిలో చేరినది ఈస్ట్ హామ్‌నకు ప్రక్క స్టేషనైన అప్టన్ పార్కులోనే. నడిపినది ఆ డిస్ట్రిక్ట్ లైనునే. 2024లో పైరైళ్లకు క్రొత్త పేర్లు పెట్టినప్పుడు, స్త్రీల వోటుహక్కునకై పోరాడినవారి పేర ఒక దారిని సఫ్రజెట్ లైను అనిరి.

మా ఆడపడుచు మే నెలాఖరున ఆడుబిడ్డను కనెను. బిడ్డకు పచ్చకామెర్లు కనబడుటచే తల్లిని బిడ్డను ఆరుదినములు ఆసుపత్రిలో నుంచిరి. ఆసుపత్రి భోజనము బాలింతరాలికి గొంతు దిగలేదు. మేము ఇంటి పనిలోను, అల్లుడు ఉద్యోగములోను ఉంటిమి. మూడవనాడు అత్తగారు తామే కందిపొడి, నేయి, వామునీరు, మెత్తని అన్నము సంచిలో సర్దుకొని, "నేను పోయివచ్చెదను" అని గడప దాటిరి. లండను బస్సులకు తలపై పెద్ద అంకెలుండును; బస్సులు నిలుచుచోట్లలో పెక్కింటికి ఒక్కొక్క అక్షరముండును. వచ్చుచున్న బస్సునకు చేయి చాచవలెను. ముందుతలుపున ఎక్కవలెను, నడిమితలుపున దిగవలెను. లోపల రాబోవు చోటి పేరు వ్రాతలో కనబడును, వినబడును. దిగుటకు ఎఱ్ఱని మీట నొక్కవలెను. ఇవి అన్నియు మేము ఆమెతో నాలుగుమార్లు పోయి చూపినవే. అయినను ఆ గంటన్నర మేము పడిన ఆందోళన ఇంతింత కాదు. ఆమె ఖాళీ సంచితో తిరిగి వచ్చి, కాళ్లు కడుగుకొని, "నేయి చాలలేదు, రేపు కాస్త ఎక్కువ పెట్టు" అనిరి. అంతే.

ఆ తరువాత ఆమెను ఆపినవారు లేరు. మేము బయలుదేరుటకు ముందటి బుధవారమున బ్రిటిష్ మ్యూజియమునకు పోయితిమి. దారి చెప్పెదము, వినుడు: ఈస్ట్ హామ్‌లో ఆకుపచ్చదారి ఎక్కి ఆరవ స్టేషనున, మైల్ ఎండ్‌లో దిగవలెను. అదే ప్లాట్‌ఫారమున రెండవప్రక్క ఎఱ్ఱదారి బండి నిలుచును. దానిలో మరల ఆరవ స్టేషను హోల్‌బర్న్. ఆరు, మరల ఆరు. అచ్చట మెట్లు పొడవైనవి. ఓపిక లేనివారు ఇంకొక స్టేషను పోయి, లిఫ్టుగల టాటెన్‌హామ్ కోర్టు రోడ్డున దిగవచ్చును. ఎచ్చటినుండియైనను కొద్ది నడక.

మైల్ ఎండ్ దాటినంతనే వచ్చునది బెత్నాల్ గ్రీన్. రెండవ యుద్ధకాలమున రైలింకను రాకమునుపు ఆ స్టేషనును బాంబులనుండి తలదాచుకొనుచోటుగ వాడిరి. 1943 మార్చి 3వ తేదీ రాత్రి అపాయపు కూత వినబడి, ప్రక్కనున్న పార్కులో క్రొత్తరకపు ఫిరంగులు మ్రోగగా బాంబులని భయపడి జనము మెట్లపైకి తొక్కిడిగా వచ్చిరి. వానకు తడిసిన మెట్లు, మసకదీపము, నడుమ పట్టుకొనుటకు కడ్డీ లేదు. క్రిందిమెట్లపై ఒక స్త్రీ జారిపడెను, ఆమెపై మరియొకరు, క్షణములలో 173 మంది ఊపిరాడక మరణించిరి. వారిలో స్త్రీలు 84 మంది, పిల్లలు 62 మంది. ఆ రాత్రి అచ్చట ఒక్క బాంబైనను పడలేదు. పూర్తియైన స్మారకము 2017లో గాని ఏర్పడలేదు. బండి అచ్చట నిమిషమైనను నిలువదు. మేమా సంగతి చెప్పగా అత్తగారు తలుపులు మూయబడువరకు ఆ ప్లాట్‌ఫారమునే చూచుచుండిరి.

మ్యూజియమున లోనికి పోవుటకు వెల లేదు. మన అమరావతి శిల్పములు ఒక ప్రత్యేకమైన గదిలో గోడపొడవున నిలిపియున్నవి. పలనాటి సున్నపురాయి, తెల్లగా, కొంచెము ఆకుపచ్చని నీడతో నుండును. ఒక పలకపై ఆ స్తూపమే, దాని ప్రాకారముతో, ద్వారములతో, పూజించువారితో చెక్కబడియున్నది; మన ఊర నేలమట్టమైపోయిన ఆ మహాస్తూపము నిలిచియుండగా ఎట్లుండెనో ఆ పలకలో చూడవలెను. మా అత్తగారి పుట్టినిల్లు కృష్ణయొడ్డుననే. ఆమె చాలసేపు ఒక బొమ్మకాలి కడియములను చూచి, "ఇవి ఏ బండెక్కి వచ్చినవే అమ్మా?" అని అడిగిరి. చెప్పితిమి: 1816లో మెకంజీ అను దొర ఆ దిబ్బను కొలిపించి పటములు వ్రాయించెను, 1845లో వాల్టరు ఇలియట్ త్రవ్వించి మద్రాసునకు చేర్చెను, 1859లో ఓడపై లండను పంపిరి, 1880లో ఈ మ్యూజియమునకు వచ్చినవి. ఓడపై నూటయిరువదింటికి పైగా రాళ్లు! ఆమె మరేమియు అనలేదు. మేము తిరిగివచ్చిన పిమ్మట ఆమె ఒంటరిగా రెండుమార్లు పోయి ఆ గదిలోని బల్లపై కూర్చుండి వచ్చినట్లు మా ఆడపడుచు వ్రాసినది.

కార్తికమాసమున అత్తగారు ఇల్లు చేరిరి. కార్డులో నాలుగు పౌండ్లకు పైగా మిగిలినవి. ఆ సొమ్మునకు గడువు లేదు. ఒకరు వాడని సమయమున మరియొకరు వాడుకొనవచ్చును. ఎదురింటివారు మాఘమున కోడలి పురిటికి లండను పోవుచున్నారు. అత్తగారు వారిని పిలిచి బొట్టుపెట్టి, ఆ కార్డును, దానితో ఒక కాగితముముక్కను ఇచ్చిరి. దానిపై బస్సు అంకె ఒకటియు, దాని క్రింద పచ్చసిరాతో ఒక ఆరును, ఎఱ్ఱసిరాతో ఒక ఆరును వ్రాసియున్నవి. గుమ్మముదాక సాగనంపుచు, "యంత్రానికేసి కొట్టకు తల్లీ, ఊరికే ఆనించు, చాలు" అని ముమ్మారు చెప్పిరి.